పచ్చికను విడిచిన కోడి

చెన్నై నుండి ముంబయికి పోవు రైలుమార్గములో రేణిగుంట పెద్ద కూడలి. ఒక ప్రక్క శేషాచలపు కొండలు, మరియొక ప్రక్క స్వర్ణముఖి నది గల ఈ ప్రాంతము పూర్వము చిత్తూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. ఈ చుట్టుప్రక్కల పల్లెలలో కోళ్ళ పెంపకము రెండు విధములుగా కానవచ్చును. పెరటిలో తిరుగుచు, రాత్రి గంప క్రిందికి చేరు నాటుకోడి ఒకటి. పొలముల నడుమ పొడవుగా కట్టిన షెడ్డులో వరిపొట్టుపై వేలకొలది పెరుగు తెల్లని బ్రాయిలరు కోడి రెండవది. మొదటిది దినమంతయు నేల గీరి తినును. రెండవది గ్రుడ్డు నుండి వెలువడినది మొదలు అమ్ముడుపోవు వరకు పచ్చగడ్డిని చూడదు.

ఈ రెండింటికి నడుమ మూడవ పద్ధతి యొకటి కలదు. అడుగులేని తేలికపాటి గూటిలో మాంసపు కోళ్ళను ఉంచి, ఆ గూటిని దినమునకు ఒకసారి పచ్చికపై ముందునకు జరుపుదురు. ప్రతి ఉదయము కోళ్ళకు క్రొత్త గడ్డి దొరకును. నిన్నటి రెట్ట వెనుక నేలపై ఎరువుగా మిగిలిపోవును. ఈ పద్ధతి అమెరికా, ఇంగ్లండు దేశములలో ప్రచారములోనికి వచ్చినది. మన మెట్టపొలములకు ఇది పనికివచ్చునా అను ప్రశ్న సహజముగా కలుగును. దానికి సమాధానము చెప్పుటకు ముందు, కోడి అసలు పచ్చికను ఎట్లు విడువగలిగినదో తెలియవలెను. ఆ చరిత్ర నూరు సంవత్సరములది మాత్రమే. అందులో తెలుగువారికిని సంబంధము కలదు.

అడవికోడి నుండి నాటుకోడి వరకు

మన ఇంటికోడికి మూలము ఎఱ్ఱ అడవికోడి. 2020లో ప్రకటింపబడిన జన్యు పరిశోధనలను బట్టి, నైరుతి చైనా, ఉత్తర థాయిలాండు, బర్మా ప్రాంతములలో నివసించు ఎఱ్ఱ అడవికోడి ఉపజాతి నుండి ఇంటికోడి ఉద్భవించినదని తేలినది. కాని దాని రక్తములో మరియొక పాలు కూడ కలదు. దక్షిణ భారతదేశపు అడవులలో బూడిదరంగు అడవికోడి అను వేరొక జాతి ఉన్నది. శేషాచలపు అడవులలో కూయునది ఇదియే. 2008లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు మొదలగువారు జరిపిన పరిశోధనలో, కోళ్ళ చర్మమునకు, కాళ్ళకు పసుపురంగు నిచ్చు జన్యువు ఎఱ్ఱ అడవికోడి నుండి కాక ఈ బూడిదరంగు కోడి నుండి వచ్చినదని కనుగొనిరి. ఈనాడు ప్రపంచములోని అంగళ్ళలో అమ్ముడగు పసుపు చర్మపు కోళ్ళన్నిటిలోను దక్షిణాపథపు అడవికోడి వారసత్వము ఉన్నదన్నమాట.

అడవికోడి చిట్టడవులలో రాలిన ఆకులను గీరి, గింజలు, చెదలు, పురుగులు, లేత చిగుళ్ళు ఏరుకొని తినును. పెరటికోడి కూడ చేయునది అదే. మన పల్లెలలో కోడిపిల్లలకు చెదలు పట్టి పెట్టుట పూర్వము నుండి ఉన్న వాడుక. కుండలో పేడ, చొప్ప ఉంచి, పుట్ట దగ్గర బోర్లించి, మరునాడు తెచ్చి పిల్లల ముందు దులుపుదురు. మాంసకృత్తుల పేరు తెలియకముందే పిల్లకు గింజ ఒక్కటే చాలదని మన గృహిణులు గ్రహించిరి.

పచ్చిక మీద ఒక మందను జరుపుట కూడ మనకు క్రొత్త కాదు. రాయలసీమలో గొల్లలు పైరు కోసిన పొలములలో గొర్రెల మందను రాత్రులందు నిలుపుదురు. తడికలు కట్టిన ఆవరణను ఒక రాత్రి ఇచట, మరురాత్రి దాని ప్రక్కన మార్చుచు పొలమంతటికిని ఎరువు పట్టింతురు. రైతు అందుకు ప్రతిఫలముగా ధాన్యమో, పైకమో ఇచ్చును. అట్లే బాతులను పెంచువారు వరి కోసిన మళ్ళ వెంట తమ మందలను ఊరూర త్రిప్పుదురు. పచ్చికపై జరుపు కోళ్ళగూడు ఈ గొర్రెల మందకును, పెరటిలోని కోళ్ళగంపకును సంధి కూర్చినట్లు ఉండును.

అసీలు విదేశయానము

తెలుగునాట కోడి అనగానే పందెము జ్ఞాపకము వచ్చును. పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు ఒడ్డిన కోడిపందెము అందరికిని తెలిసినదే. కాకి, డేగ, నెమలి, పర్ల, సేతు అని ఈకల రంగులను బట్టి పేర్లు పెట్టి పెంచిన ఆ పందెపు జాతికి అసీలు అని పేరు. ఆంధ్రదేశము ఈ జాతికి ప్రధానమైన నెలవులలో ఒకటి. ఎత్తైన కాళ్ళు, నిట్టనిలువు నడక, వెడల్పైన రొమ్ము, గట్టి కండ దీని లక్షణములు. గ్రుడ్లు తక్కువ పెట్టును, పెరుగుట నెమ్మది. అయినను రొమ్ము కండలో దీనికి సాటి లేదు.

పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభములో భారతదేశమున ఉద్యోగము చేసిన ఆంగ్ల సైనికాధికారులు అసీలు పుంజులను తమ దేశమునకు తీసికొనిపోయిరి. అక్కడ కార్న్‌వాల్ ప్రాంతములో వీనిని ఆంగ్ల పందెపు కోళ్ళతో సంకరము చేసి క్రొత్త జాతిని పుట్టించిరి. ఈ పనిని 1820 ప్రాంతమున సర్ వాల్టర్ గిల్బర్ట్ ఆరంభించెనని చెప్పుదురు. పందెమునకై పుట్టించిన ఆ జాతి పందెమునకు పనికిరాలేదు. కాని దాని రొమ్ము చూచినవారు దానిని భోజనపు బల్లకు తగినదిగా ఎంచిరి. ఇంగ్లండులో దానిని నేటికిని ‘ఇండియన్ గేమ్’ అనియే పిలుతురు. అమెరికాలో దాని పేరు కార్నిష్. ఈ పేరు ముందు మరల వచ్చును.

కోడి షెడ్డులో చేరుట

1920 వరకు మాంసము కొరకే కోళ్ళను పెంచుట అరుదు. గ్రుడ్ల కొరకు పెంచిన మందలో మిగిలిన పుంజులను, ముసలి పెట్టలను అమ్మెడువారు. అన్ని దేశములలోను కోడి ఎండలో, గడ్డిలో తిరిగెడిది. తిరుగనీయక మూసి పెంచిన పిల్లల కాళ్ళు వంకరలు పోయి, నిలువలేక చచ్చెడివి. కావున శీతాకాలములో పిల్లలను పెంచుట మిక్కిలి కష్టముగా నుండెను.

ఈ కాళ్ళ రోగమునకు కారణము 1920 తరువాత కొలది సంవత్సరములలో తేలినది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో హార్ట్, హాల్పిన్, స్టీన్‌బాక్ అను శాస్త్రజ్ఞులు కోడిపిల్లలపై ప్రయోగములు చేసి, సూర్యరశ్మి కాని, కాడ్ చేప కాలేయపు నూనె కాని లభించినచో పిల్లల కాళ్ళు నిలుచునని చూపిరి. ఈ రెండును శరీరమునకు అందించునది ఒకటే: డి విటమిను. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మముపై పడినపుడు ఈ విటమిను తయారగును. కిటికీ అద్దము ఆ కిరణములను అడ్డగించును. అందుచేత అద్దాల కిటికీలున్న గదిలో ఎంత వెలుతురు ఉన్నను పిల్లల కాళ్ళు బలహీనమయ్యెడివి. ఒక చెంచా చేపనూనె ఎండకు బదులుగా పనిచేసినది.

సరిగా ఆ రోజులలోనే, 1923లో, డెలావేర్ రాష్ట్రములోని ఓషన్ వ్యూ అను గ్రామములో సెసీల్ స్టీల్ అను గృహిణి తన గ్రుడ్ల మందకై 50 పిల్లలను తెప్పింపగా, హేచరీవారు పొరపాటున 500 పిల్లలను పంపిరి. ఆమె వానిని తిప్పి పంపక చిన్న షెడ్డు కట్టించి పెంచి, రెండుంబాతిక పౌనుల బరువున పౌను 62 సెంట్ల ధరకు అమ్మెను. లాభము కనబడినది. 1926 నాటికి ఆమె షెడ్డులలో పదివేల కోళ్ళు పట్టెడివి. ఇరుగుపొరుగువారు ఆమె దారిని పట్టిరి. మాంసపు కోళ్ళ పరిశ్రమ ఇట్లు ఆరంభమైనది. ఆ మొదటి షెడ్డును అమెరికావారు చారిత్రక కట్టడముగా పరిరక్షించుచున్నారు.

ఆకులోని మందు

ఎండకు బదులు దొరికినది కాని, ఎండ ఒక్కటియే కోడికి పచ్చిక ఇచ్చు వస్తువు కాదు. షెడ్డులో పెట్టిన దాణా తిని కోళ్ళు వేరు వేరు రోగములపాలగుచుండెను. ఆ రోగములే శాస్త్రజ్ఞులకు పాఠములైనవి. అంతకుముందే, 1890 ప్రాంతములలో, జావా ద్వీపములో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు పాలిషు పట్టిన బియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టగనే కోలుకొనుటయు గమనించెను. విటమిను శాస్త్రమునకు ఇది పునాది. ఇందులకు ఆయన 1929లో నోబెల్ బహుమతి పొందెను.

తెలుగువారి సంబంధము ఇక్కడ మరల కనిపించును. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, స్టీల్ గృహిణి షెడ్డు కట్టిన 1923లోనే బోస్టను నగరము చేరెను. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్‌లోనున్న లెడర్లీ పరిశోధనాలయములో చేరి, తరువాత పరిశోధనలకు అధిపతియయ్యెను. ఆ కాలములో శుద్ధి చేసిన ఆహారము తిన్న కోడిపిల్లలకు రక్తహీనత కలుగుచుండుట ఒక చిక్కు సమస్యగా నుండెను. పిల్లలకు లోపించిన పదార్థము పచ్చని ఆకులలో ఉన్నది. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి దానిని కొద్దిపాటిగా వేరుచేసి, లాటిను భాషలో ఆకు అను అర్థము గల మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును 1945లో ప్రకటించినది సుబ్బారావు ఆధ్వర్యమున పనిచేసిన బృందమే. ఇప్పుడు గర్భిణీ స్త్రీలకు ఇచ్చు బిళ్ళలలో ఉండునది ఈ ఆమ్లమే. కోడిపిల్ల గడ్డి పొడిచి తిన్నపుడు దానికి దొరకుచుండిన వస్తువు ఇట్లు సీసాలోనికి వచ్చెను.

ఇంకొక లోటు మిగిలినది. సోయా చిక్కుడు, మొక్కజొన్న వంటి శాకాహారపు దాణాపై పిల్లలు సరిగా ఎదుగవు. చేపపొడి కాని, మాంసపుపొడి కాని కలిపినచో ఎదుగును. పెరటికోడికి ఈ లోటు పురుగులు, పెంటకుప్పలు తీర్చుచుండెను. ఆ అజ్ఞాత పదార్థము బి12 విటమిను అని 1948లో తెలిసినది. సూక్ష్మజీవులు దానిని తయారుచేయునని గ్రహించిన లెడర్లీ శాస్త్రజ్ఞులు జ్యూక్స్, స్టాక్‌స్టాడ్ అనువారు, ఆరియోమైసిన్ అను క్రొత్త మందును తయారుచేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూచిరి. ఆ మందును కనుగొన్నది సుబ్బారావు క్రింద పనిచేసిన వృద్ధ శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. సుబ్బారావు 1948 ఆగష్టులో మరణించెను. ఈ ప్రయోగము ఆ సంవత్సరాంతమున జరిగినది. పిప్పి తిన్న పిల్లలు బి12 వలన కలుగవలసిన దానికంటె ఎక్కువగా పెరిగెను. పిప్పిలో మిగిలియున్న ఆరియోమైసిన్ మందే అందులకు కారణము.

1951లో అమెరికాలో యాంటిబయాటిక్ మందులను దాణాలో కలుపుటకు అనుమతి లభించినది. రోగము లేని కోడికి, పెరుగుదల కొరకే, మందు పెట్టు వాడుక ప్రపంచమంతట వ్యాపించినది. అది కొంతకాలమునకు అపాయమని తెలిసినది. కొలదిపాటి మందు నిత్యము తగులుచుండినచో, దానిని తట్టుకొను సూక్ష్మజీవులే మిగిలి వృద్ధి పొందును. 1969లో ఇంగ్లండులో స్వాన్ సంఘము ఈ విషయమై హెచ్చరించెను. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1వ తేదీ నుండి పెరుగుదల కొరకు యాంటిబయాటిక్‌లను వాడుట నిషేధించినది. మన దేశములో, మనుష్యులకు ఆఖరి అస్త్రముగా దాచుకొనవలసిన కొలిస్టిన్ అను మందును ఆహార జంతువులకు ఇచ్చుటను కేంద్ర ప్రభుత్వము 2019లో నిషేధించినది.

‘రేపటి కోడి’

షెడ్డు, దాణా సిద్ధమైన పిమ్మట వానికి తగిన కోడి కావలసివచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగియగనే అమెరికాలో ‘రేపటి కోడి’ అను పేర పోటీలు పెట్టిరి. వెడల్పైన రొమ్ము, త్వరగా పెరుగు గుణము గల కోడిని తయారుచేసినవారికి బహుమతి. 1948లో డెలావేర్‌లోని జార్జ్‌టౌనులో జరిగిన పోటీలో కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్ గెలిచెను. 1951లో మరల ఆయనదే గెలుపు. ఆయన కోడి న్యూ హాంప్‌షైర్ జాతికిని, కార్నిష్ జాతికిని కలిగిన సంకరము. అసీలు మనుమడని చెప్పదగిన ఆ కార్నిష్ రొమ్మే నేటి బ్రాయిలరు కోడికి పితృపక్షమున వచ్చిన ఆస్తి.

అటుపిమ్మట ఎంపిక ఎంత వేగముగా సాగెనో ఒక ప్రయోగము వలన తెలియును. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 1957 నాటి, 1978 నాటి కోళ్ళ వంశములను భద్రపరచి, వానిని 2005 నాటి కోళ్ళతో కలిపి ఒకే దాణాపై పెంచిరి. 56 దినములకు వాని సగటు బరువులు వరుసగా 905 గ్రాములు, 1,808 గ్రాములు, 4,202 గ్రాములు. ఈ ఫలితములు 2014లో ప్రకటింపబడినవి. దాణా ఒకటే కనుక ఈ వ్యత్యాసము వంశమునకు చెందినదే.

మన దేశములో 1971లో బి.వి. రావు వేంకటేశ్వర హేచరీస్ సంస్థను స్థాపించిరి. ఆ దశకములో బ్రాయిలరు కోడి పెంపకము మన దేశములో వేరూనుకొన్నది. అప్పటికే, 1955లో, తిరుపతిలో పశువైద్య కళాశాల ఏర్పడియుండెను; 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము వెలసినది. హైదరాబాదు రాజేంద్రనగరములో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకమునకు అనువైన వనరాజా, గ్రామప్రియ అను రంగు కోళ్ళను రూపొందించినది. ఇప్పుడు బ్రాయిలరు పెంపకము చాలవరకు ఒప్పందముపై సాగుచున్నది. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కాయకష్టము రైతువి. కిలోకు ఇంత అని రైతునకు పెంపకపు కూలి ముట్టును.

జరుగు గూడు

కోళ్ళు షెడ్డులో చేరుచున్న కాలముననే ఇంగ్లండులో మరియొక పద్ధతి కూడ వాడుకలో నుండెను. 1930 తరువాత అక్కడి రైతులు గొర్రెల మందను తడికలతో జరిపినట్లు, చక్కతోను తీగవలతోను చేసిన చిన్న గూళ్ళను పచ్చికపై దినదినము జరుపుచు కోళ్ళను పెంచిరి. యుద్ధానంతరము కూలి రేట్లు పెరిగినవి. మందులు చౌకగా దొరికినవి. ఈ గూళ్ళు మూలబడినవి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు రైతు జోయెల్ సలటిన్ ఈ పద్ధతిని మాంసపు కోళ్ళకు అనువుగా దిద్ది, 1993లో ఒక పుస్తకము వ్రాసినపుడు ఇది మరల వెలుగులోనికి వచ్చెను. ఆయన గూడు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. పైన కొంత భాగము రేకు, మిగిలినది తీగవల. అందులో సుమారు 75 కోళ్ళు. ముందుగా పిల్లలను మూడు వారముల వరకు వెచ్చని గదిలో పెంచి, ఈకలు వచ్చిన పిదప గూటిలోనికి మార్చుదురు.

ఇచట ఒక భ్రమను తొలగింపవలెను. పచ్చిక కోడి అనగా గడ్డి తిని పెరుగు కోడి కాదు. కోడికి ఆవువలె నాలుగు గదుల పొట్ట లేదు; గడ్డిలోని పీచును అది జీర్ణము చేసికొనలేదు. జరుగు గూటిలోని కోడికి కూడ గింజ దాణా పెట్టవలసినదే. గడ్డి, పురుగుల వలన దాణాలో మిగులునది కొద్ది భాగమే. పచ్చిక ఇచ్చు విటమినులను దాణాలో కలుపుట శాస్త్రము ఎప్పుడో నేర్చుకొన్నది. అట్లయినచో గూటిని జరుపుట వలన ప్రయోజనమేమి?

ప్రయోజనము జరుగుటలోనే ఉన్నది. కోళ్ళకు రక్తపారుడు అను రోగము కలదు. దీనికి కారణము ఐమీరియా అను ఏకకణ జీవి. రోగము తగిలిన కోడి రెట్టలో ఈ జీవి గ్రుడ్ల వంటి కోశములుగా బయటికి వచ్చును. వచ్చిన వెంటనే ఆ కోశము మరియొక కోడికి రోగము కలిగింపలేదు. తేమ, వెచ్చదనము, గాలి తగులగా ఒకటి రెండు దినములకు అది పండును. పండిన కోశమును మ్రింగిన కోడికే రోగము. షెడ్డులోని పొట్టులో కోడి తన రెట్టపైననే తిరుగును గనుక 1939 తరువాత సల్ఫా మందులు, 1948లో సల్ఫాక్వినాక్సలిన్, పిదప మరికొన్ని మందులు దాణాలో కలుపవలసి వచ్చెను. దినదినము జరుగు గూటిలోనో, కోశము పండునాటికి కోడి అచట ఉండదు. రెండు మూడు దినములు జరుపుట మానినచో ఈ ఫలము పోవును. కావున ఈ పద్ధతిలో పచ్చిక కంటె క్రమము తప్పని కష్టమే ప్రధానము.

రేణిగుంట పొలములో లెక్క

మన ప్రాంతమునకు దీనిని అన్వయించి ఒక లెక్క వేసి చూతము. పై గూటి అడుగు 120 చదరపు అడుగులు. దినమునకు ఒకసారి చొప్పున 35 దినములు జరిపినచో 4,200 చదరపు అడుగులు, అనగా సుమారు 10 సెంట్ల నేల పట్టును. ఒక్కొక్క కోడి ఎనిమిది వారములలో 4 కిలోల దాణా తినినదనుకొన్నచో 75 కోళ్ళకు 300 కిలోలు. దానిలో మాంసకృత్తులు నూటికి 20 పాళ్ళు, అనగా 60 కిలోలు. మాంసకృత్తులలో నత్రజని నూటికి 16 పాళ్ళు. అందుచేత సుమారు తొమ్మిదిన్నర కిలోలు. ఇందులో సగము కోడి ఒంట నిలిచినను, తక్కిన సగము, దాదాపు 5 కిలోలు, రెట్టలో బయటికి వచ్చును. గూటిలో నున్న దినములలోనే ఎక్కువ భాగము నేలపై పడును. 5 కిలోల నత్రజని 11 కిలోల యూరియాతో సమానము. ఎకరమునకు లెక్కించినచో రెండు బస్తాలకు పైమాటే.

ఇది వేరుసెనగ వంటి పైరునకు కావలసిన దానికంటె చాల ఎక్కువ. కావున ఒకే చోట సంవత్సరమునకు రెండుమార్లు గూడు జరిపినచో నేలకు మేలుకంటె కీడే కలుగవచ్చును. మిగిలిన నత్రజని బావినీటిలో చేరును. గూడు జరిగిన చోట జొన్న, పశుగ్రాసము వంటి ఆకలిగొన్న పైరు వేయుట మేలు. లేదా చిత్తూరు సీమకు పేరు తెచ్చిన తోతాపురి మామిడి తోటలలో చెట్ల వరుసల నడుమ జరుపవచ్చును. చెట్టునీడ కోడికి, రెట్ట చెట్టునకు ఉపయోగపడును.

నీడ మాట ముఖ్యమైనది. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరచి రొప్పుటయే దానికి చల్లబడు మార్గము. రేణిగుంటలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటును. ఆ దినములలో రేకు కప్పిన రెండడుగుల గూడు పొయ్యి వంటిది. త్వరగా పెరుగు బ్రాయిలరు అందులో బ్రతుకుట కష్టము. ఆ నెలలలో మెట్టపొలములో గడ్డి కూడ ఉండదు. ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములతో వచ్చును. గడుల నడుమ నీరు నిలిచినచో పిల్లలు తడిసి చచ్చును; రక్తపారుడు కోశములకు కూడ తడి అనుకూలము. అందుచేత వాన వెలిసి నేల ఆరిన డిసెంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు గడ్డి మిగిలియుండు కాలమే మెట్టపొలములో దీనికి అనువైనది. నీటివసతి గల తోటలో దీనిని కొంత పొడిగింపవచ్చును. ఏడాది పొడవునా షెడ్డు నడచినట్లు ఈ గూడు నడువదు.

కోడి ఎంపిక కూడ ఆలోచింపదగినది. షెడ్డు కొరకు ఎంచబడిన బ్రాయిలరు దాణా తొట్టి ప్రక్కనే కూర్చుండును. బరువు పెరుగుటలో కాళ్ళు వెనుకబడును. నేల గీరు చురుకుదనము రంగు కోళ్ళలో ఎక్కువ. అవి బరువు చేరుటకు ఎక్కువ వారములు పట్టును గనుక దాణా ఖర్చు అధికము. ఆ ఖర్చునకు తగిన ధర ఇచ్చు కొనుగోలుదారు ముందుగా కుదిరియుండవలెను. ధర కుదురక గూడు కట్టినవాడు నష్టపోవును.

రోగముల మాట మరువరాదు. నాటుకోళ్ళను ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టు కొక్కెర తెగులును మన దేశములో మొదట కుమావూను కొండలలోని రాణిఖేత్‌లో 1927లో గుర్తించిరి. దానికి 1940 తరువాత ముక్తేశ్వర పరిశోధనాలయమువారు టీకా మందు తయారుచేసిరి. గూడు ఎంత జరిపినను ఈ టీకా మానరాదు. వైరసునకు ఒక దినపు దూరము లెక్క కాదు. 2024 ఫిబ్రవరిలో పొరుగున నున్న నెల్లూరు జిల్లాలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినది. పులికాటు సరస్సునకు, నేలపట్టునకు ప్రతి శీతాకాలము వలస పక్షులు వచ్చును. గూటికి గడ్డి దొరకు కాలము, వలస పక్షుల కాలము ఒకటే యగుట ఈ ప్రాంతపు ప్రత్యేకమైన చిక్కు. ఇంగ్లండులో 2021–22 శీతాకాలమున ఆరుబయటి కోళ్ళన్నిటిని లోపల ఉంచవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. కావున గూటిపైకప్పు పక్షిరెట్ట పడనిదిగా ఉండవలెను, దాణా, నీరు కప్పు క్రిందనే పెట్టవలెను, చెరువునీరు పట్టరాదు.

దాణా విషయములో కూడ ఒక జాగ్రత్త కలదు. మన సీమలో వేరుసెనగ చెక్క సులభముగా దొరకును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణము తెలియక చచ్చినవి. బ్రెజిలు నుండి వచ్చిన వేరుసెనగ చెక్కపై పెరిగిన బూజు విడిచిన అఫ్లటాక్సిన్ అను విషమే అందుకు కారణమని తేలినది. 1966లో మైసూరు రాష్ట్రములోను ఇదే విషము వలన రెండు వేలకు పైగా కోడిపిల్లలు చచ్చినవి. గూడు పచ్చికపై నున్నను, తొట్టిలోని చెక్క బూజు పట్టినదైనచో ఆ పచ్చిక కోడిని రక్షింపదు.

ఇన్ని చిక్కులు చెప్పుట ఈ పద్ధతిని నిరుత్సాహపరచుటకు కాదు. పది సెంట్ల నేలలో, పెద్ద షెడ్డు అప్పు లేకుండ, యాంటిబయాటిక్ దాణా లేకుండ ఏడాదికి ఒక పంట 75 కోళ్ళను తీసి, ఆ నేలకు రెండు బస్తాల యూరియా నిష్పత్తిలో ఎరువు పట్టించుట చిన్న రైతునకు తక్కువ మేలు కాదు. అయితే దానిని పెట్టుబడి లేని వ్యాపారముగా భావింపరాదు. ప్రతి ఉదయము గూడు జరుపు మనిషియే దాని పెట్టుబడి. కోడి పచ్చికను విడిచిన నూరేండ్లలో శాస్త్రము పచ్చిక చేసెడి పనులను ఒక్కొక్కటిగా గుర్తించి, సీసాలలో నింపినది. ఎండ, ఆకు, పురుగు ఇవ్వగలిగినదంతయు ఇప్పుడు దాణాలో కలుపవచ్చును. కలుపుటకు వీలుకానిది ఒకటి మాత్రము మిగిలినది: నిన్నటి రెట్టను వెనుక విడిచి క్రొత్త నేలకు పోవుట. మన గొల్లలు గొర్రెల మందను తడిక వెంట తడిక మార్చుచు కాపాడిన ఆ సూత్రమును కోళ్ళకు అన్వయింపదలచిన రైతు, ముందుగా ఒకే గూడు కట్టి, ఒక చలికాలము జరిపి, దాణా, మరణములు, అమ్మకము పుస్తకములో వ్రాసికొని చూచుట ఉత్తమము. ఆ లెక్కయే రెండవ గూడు కట్టవలెనో మానవలెనో చెప్పును.